ఊసరవెల్లికి పాలన్నం

విరూపాక్షికి ఒక శిష్యుడు కావాలి.

సన్యాసికి కోరికలేమిటని నవ్వుతారేమోనని పైకి అనలేదు గానీ, కావాలి. గవికొండ మీద ఓబుళయ్య సామి దగ్గర చేరినప్పుడు అతనికి మీసమైనా సరిగా రాలేదు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. తన తర్వాత వచ్చినవాళ్ళు కొండ దిగిపోయి తలా ఒక చోట గురువులై కూర్చున్నారు. తను మాత్రం ఇంకా పొద్దున్నే మఠం వాకిలి ఊడుస్తున్నాడు.

ఊడవడంలో కూడా అతనిది ఒక పద్ధతి. చీమల బారు కనపడితే చీపురు అక్కడే ఆగిపోయేది. నీళ్ళు గుడ్డలో వడగట్టి, ఆ వడగట్టినవి మళ్ళీ వడగట్టి తాగేవాడు. పురుగులు వచ్చి పడతాయని తన గదిలో దీపం పెట్టుకునేవాడు కాదు. ఉల్లిగడ్డ వాసన వస్తే వంటశాల వైపు మొహమైనా తిప్పేవాడు కాదు. ఒంటిపూట భోజనం, అదీ ఉప్పు లేని పాలన్నం. కొండకు వచ్చేవాళ్ళు పెద్దసామికి దండం పెట్టి, విరూపాక్షికి సాష్టాంగపడేవారు. ఆ తేడా విరూపాక్షి గమనించలేదంటే నమ్మడం కష్టం.

ఆ యేడు వానలు పడ్డాక ఇద్దరు మనుషులు ఉపదేశం కోసం కొండెక్కి వచ్చారు.

ఒకడు మద్దిలేటి. నాపరాళ్ళ గనిలో పని చేసి చేసి, ఒకరోజు సమ్మెట కింద పడేసి వచ్చినవాడు. వాడికి ప్రతిదానికీ ‘ఎందుకు’ కావాలి. రెండోవాడు చౌడప్ప. మగ్గం వదిలి వచ్చినవాడు. ఏం చెప్పినా “అట్లనే సామీ” అనేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు, మళ్ళీ లెమ్మనేదాకా లేచేవాడు కాదు.

ఓబుళయ్య సామి ఇద్దరినీ ఎగాదిగా చూసి విరూపాక్షిని పిలిచాడు.

“నాకు వయసైపాయె. వీళ్ళలో ఒకణ్ణి నువ్వు తీసుకో నాయనా. ఎవురు కావాల్నో నువ్వే చూసుకో.”

ఇన్నేళ్ళకు! విరూపాక్షికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. వంగి గురువు పాదాలు పట్టుకోబోయాడు.

“అయితే దానికి ముందు ఒక పని ఉంది,” అన్నాడు సామి.

“చెప్పండి సామీ. ఎంత కష్టమైన తపస్సైనా చేస్తాను.”

“ఒక ఊసరవెల్లిని సాకు.”

విరూపాక్షి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సరిగా వినలేదేమో అనుకున్నాడు.

“ఏమన్నారు సామీ?”

“ఊసరవెల్లి అప్పా. కొండ కింద పొదల్లో తిరుగుతాంటాయి చూడూ, అది. మంచిది చూసి తెచ్చుకో. బాగా మేపు. దసరా నాటికి అది బాగుంటే నీ శిష్యుణ్ణి నువ్వు తీసుకో. బాగలేకుంటే ఇద్దరూ నా దగ్గరే ఉంటారు.”

అంతే చెప్పి సామి కట్టె పట్టుకుని లోపలికి పోయాడు.

ఆవునో, కనీసం ఒక చిలకనో పెంచమన్నా అర్థముంది. ఊసరవెల్లి! మాట మీద నిలవని మనిషిని జనం ఏ పేరు పెట్టి తిడతారో ఆ ప్రాణి! ఆ మధ్యాహ్నం విరూపాక్షికి పాలన్నం కూడా సరిగా దిగలేదు. కానీ గురువు మాట గురువు మాటే. పైగా చేతికందబోయేది శిష్యుడు.

* * *

మర్నాడు ముగ్గురూ కొండ దిగి పొదలు వెతికారు.

మొదటిది ఒక రేగు పొదలో దొరికింది. ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. విరూపాక్షి చెయ్యి చాపాడో లేదో అది ఒళ్ళంతా ఉబ్బించి, నల్లని మచ్చలు తెచ్చుకుని, నోరు ఇంత తెరిచి బుస్సుమంది. విరూపాక్షి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతలో అది ముందుకు వచ్చి అతని కావిగుడ్డ కొంగు పట్టుకుని కొరికింది. మద్దిలేటి పడీ పడీ నవ్వుతూ విడిపించాడు.

“ఇది పనికిరాదు. తామసం,” అన్నాడు విరూపాక్షి.

“అట్లనే సామీ,” అన్నాడు చౌడప్ప.

చాలాసేపు తిరిగాక ఒక తంగేడు చెట్టు కింది కొమ్మ మీద ఇంకొకటి కనపడింది. నడినెత్తిన ఎండ. అంత వెలుతురులో అది రెండు కళ్ళూ మూసుకుని కదలకుండా కూర్చుని ఉంది. విరూపాక్షి వేలు పెట్టాడు. అది మెల్లగా ఒక్కొక్క కాలే వేసి వేలి మీదికి వచ్చేసింది. బుస్సు లేదు, ఉబ్బడం లేదు. వచ్చి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

విరూపాక్షి ఒళ్ళు పులకరించింది.

“చూశారా! ధ్యానంలో ఉంది.”

“ధ్యానమే సామీ,” అన్నాడు చౌడప్ప, చేతులు జోడించి.

మద్దిలేటి దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

“పట్టుకుంటే దీనికి కోపమెందుకు రాలేదు సామీ?”

“కోపాన్ని జయించింది కాబట్టి.”

“మరి ఎండపొద్దున కండ్లు మూసుకోనుందే?”

“నీకు నోరు ఎక్కువ మద్దిలేటీ. చౌడప్పను చూసి కాస్త నేర్చుకో.”

మఠానికి తెచ్చి చూపించగానే ఓబుళయ్య సామి దాన్ని తన మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“బాగా చూసే తెచ్చుకుంటివా?”

“చూశాను సామీ. ఎంత శాంతమో చూడండి.”

“ఊఁ. నాకెందుకులే, సాకేది నువ్వు,” అని తిరిగి ఇచ్చేశాడు.

విరూపాక్షి దాన్ని తన గది ముందున్న దానిమ్మ చెట్టు మీద పెట్టాడు. పంజరం అక్కర్లేకపోయింది. అది పెట్టినచోటు నుంచి కదిలితే కదా!

* * *

మొదటిరోజే మేత సంగతి వచ్చింది. ఊసరవెల్లులు పురుగులు తింటాయని విరూపాక్షికి తెలియక కాదు. తెలుసు. తెలిసే అసహ్యించుకున్నాడు.

“నా దగ్గర పెరిగే ప్రాణి ఇంకో ప్రాణిని చంపి తింటుందా? అది జరగదు,” అని చెప్పాడు.

తను తినే పాలన్నమే మెత్తగా పిసికి, చక్కెరకేళి ముక్క కలిపి, ఆకు దొన్నెలో పెట్టి కొమ్మకు కట్టాడు. పక్కన ఒక చిన్న గిన్నెలో వడగట్టిన నీళ్ళు. ఊసరవెల్లి ఆ వైపు చూడనైనా లేదు. “ఉపవాసం,” అన్నాడు విరూపాక్షి. మర్నాడూ చూడలేదు. అప్పుడతను చిటికెన వేలితో కాస్త అన్నం తీసి దాని పెదవులకు రాశాడు. అది నోరు మెదిపింది. కొంచెం లోపలికి పోయింది.

అదే చాలు. ఆ రోజే కొండ కింద ఊళ్ళల్లో టముకు వేసినట్టు పాకిపోయింది, గవికొండ చిన్నసామి దగ్గర ఊసరవెల్లి పాలన్నం తింటోందని.

జనం రావడం మొదలుపెట్టారు. ఒకామె పరమాన్నం తెచ్చింది. ఒకాయన ద్రాక్షపళ్ళు తెచ్చాడు. అందరూ దానిమ్మ చెట్టు ముందు నిలబడి చేతులు జోడించేవారు. విరూపాక్షి పక్కన నిలబడి, ఆహారం మారితే గుణం మారుతుందని మెల్లగా చెప్పేవాడు. తాటాకు విసనకర్ర ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. చెట్టు మీద ఈగ వాలినా, చిన్న సీతాకోకచిలుక వాలినా విసిరి తోలేసేవాడు. పాపం, దాని మనసు చెదరకూడదు కదా.

కొన్నాళ్ళకు దాని ఆకుపచ్చ పోయింది. పాలిపోయిన పసుపురంగులోకి దిగింది. ఎండలో పెట్టినా అదే, నీడలో పెట్టినా అదే. ఎవరు ముట్టుకున్నా అదే.

“చూడండి,” అన్నాడు విరూపాక్షి, వచ్చినవాళ్ళతో. “రంగులు మార్చడం మానేసింది.”

అబ్బ, ఆ మాటకు జనం ఎంత నిర్ఘాంతపోయారని! ఊసరవెల్లి రంగు మార్చడం మానేయడం! ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఒకతను చెట్టు కింది మట్టి మూటకట్టుకుని పోయాడు.

చౌడప్ప పొద్దస్తమానం ఆ చెట్టు కిందే కూర్చునేవాడు. విరూపాక్షి ఒంటిపూట తింటే చౌడప్పా ఒంటిపూటే. విరూపాక్షి ఉప్పు మానేస్తే చౌడప్పా మానేశాడు. “నీకేమైనా ఇబ్బందిగా ఉందా చౌడప్పా?” అని ఒకసారి మాటవరసకు అడిగాడు విరూపాక్షి. “మీరేం పెడితే అదే సామీ,” అన్నాడు వాడు. ఆ జవాబు విరూపాక్షికి ఎంత నచ్చిందంటే, దాన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఎవరిని తీసుకోవాలో అతను అప్పుడే తేల్చేసుకున్నాడు.

మద్దిలేటి మాత్రం ఒక పొద్దున వచ్చి చెట్టు దగ్గర వంగి చూశాడు.

“సామీ, దీని కండ్లు లోపలికి పోయినాయి. తోక కూడా ఎండిపోయినట్ల ఉండాది. ఆకలేమో?”

“దొన్నె నిండా అన్నముంది కదా. ఆకలైతే తినదా?”

“ఇది అన్నమని దానికి ఎవురు చెప్పినారు సామీ?”

విరూపాక్షికి ఒళ్ళు మండింది. చెట్టు ఛాయలకు రావద్దని వాణ్ణి తరిమేశాడు. ఆ రోజు నుంచి మద్దిలేటి వంటశాల వెనక కట్టెలు కొట్టుకుంటూ ఉండిపోయాడు. అయినా విరూపాక్షికి ఎందుకో ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. గురువు ఏమైనా అంటాడేమోనని చూశాడు. ఓబుళయ్య సామి రోజూ చెట్టు పక్కనుంచే నడిచిపోయేవాడు. ఆగి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

* * *

దసరాకు ముందు వచ్చే అమావాస్య నాడు గవికొండ మీద అందరికీ భోజనాలు పెట్టడం ఆనవాయితీ. ఆ ఏడు ఊసరవెల్లి పుణ్యమా అని జనం ఎక్కువగా వచ్చారు. దానిమ్మ చెట్టు ముందున్న వాకిట్లోనే పంక్తులు వేశారు. విరూపాక్షిని మొదటి పంక్తిలో, చెట్టుకు ఎదురుగా కూర్చోబెట్టారు. పక్కన చౌడప్ప.

వంట చేసే సుంకులమ్మ అందరికీ వడ్డించుకుంటూ వచ్చి విరూపాక్షి విస్తరి దగ్గర ఆగలేదు. దాటి పోయింది.

“అమ్మా, నాకు?”

“నీకు పెద్దసామే వడ్డిస్తాడంట నాయనా,” అంది ఆమె. ఆమె మొహం అదో రకంగా ఉంది.

పంక్తి అంతా గుసగుసలు పోయింది. ఓబుళయ్య సామి తన చేత్తో ఒకరికి వడ్డించడం ఎవరూ చూడలేదు. విరూపాక్షికి అర్థమైంది. ఇవాళే, ఇంతమంది ముందర, తనను గురువుగా నిలబెట్టబోతున్నాడు.

సామి లోపలినుంచి వచ్చాడు. రెండు చేతుల్లో ఒక విస్తరి, దాని మీద మూతగా ఇంకో విస్తరి. జాగ్రత్తగా వంగి విరూపాక్షి ముందు పెట్టాడు. పై విస్తరిని చేత్తో అదిమి పట్టుకునే ఉన్నాడు.

“తిను నాయనా,” అని చెయ్యి తీశాడు.

విరూపాక్షి కళ్ళకద్దుకుని మూత ఎత్తాడు.

మిడతలు!

పచ్చవి, గోధుమరంగువి, బొటనవేలంత లావున్నవి, విస్తరి నిండా మిడతలు. మూత లేవగానే టపటపా ఎగిరాయి. ఒకటి విరూపాక్షి గడ్డంలో పడింది. ఒకటి అతని మెడ మీద. నాలుగు పక్క విస్తళ్ళలో పప్పులోకి దూకాయి. ఆడవాళ్ళు కెవ్వుమని లేచారు. ఒకాయన నీళ్ళ చెంబు తన్నేసుకుని వెనక్కి పడ్డాడు. క్షణంలో పంక్తి పంక్తంతా నిలబడింది.

విరూపాక్షి మాత్రం కూర్చునే ఉన్నాడు.

“పొద్దున్నుంచి నేనే పట్టినా,” అంటున్నాడు సామి, ప్రేమగా. “ముసలోణ్ణి గదా, నడుము పట్టుకుపోయింది. మంచి కొవ్వు పట్టినవి. తిను.”

“సామీ... మీరా? మీ చేత్తో ప్రాణులను పట్టి... నన్ను మిడతలు తినమంటారా?”

“ఏం? మంచి తిండి కాదా?”

“నేను మనిషిని సామీ!”

ఆ కేక ఎదురుకొండకు తగిలి తిరిగొచ్చింది.

ఓబుళయ్య సామి మెల్లగా తల తిప్పి దానిమ్మ చెట్టు వైపు చూశాడు. అందరూ అటే చూశారు. విరూపాక్షి కూడా చూశాడు.

కొమ్మకు కట్టిన దొన్నెలో అన్నం ఎండి పగుళ్ళు తేలింది. దాని పక్కన ఊసరవెల్లి. అన్నాళ్ళూ రోజూ చూస్తున్నదే. అయినా ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. పక్కటెముకలు. గుంటలు పడ్డ కళ్ళు. కొమ్మను పట్టుకోలేక జారుతున్న ఒక కాలు.



అప్పుడే ఒక మిడత ఎగిరి అదే కొమ్మ మీద వాలింది. విరూపాక్షి చెయ్యి అలవాటుగా విసనకర్ర మీదికి పోయింది. దాన్ని ఎత్తబోయేంతలో మణికట్టు పట్టుకుని ఎవరో ఆపారు. గురువు చెయ్యి. బక్కచిక్కిన ఆ చేతిలో అంత బలం ఉంటుందని అతనికి తెలియదు.

మిడత మీసాలు ఆడించింది.

ఊసరవెల్లి ఒక కన్ను తెరిచింది. ఒకటే. ఆ కన్ను గుండ్రంగా తిరిగి మిడత మీద ఆగింది. చాలాసేపటికి రెండో కన్నూ తెరుచుకుంది. దాని దవడ వణుకుతూ కొద్దిగా విడింది. నాలుక బయటికి వచ్చింది, కానీ సగం దూరం కూడా పోలేదు. మిడత ఎగిరి పోయింది. ఊసరవెల్లి తల వాల్చేసింది.

“అయ్యో!”

అన్నది ఎవరా అని విరూపాక్షి చుట్టూ చూశాడు. అన్నది తనే.

సామి అతని మణికట్టు వదిలేశాడు.

తర్వాత జరిగింది అక్కడున్నవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. నీళ్ళు వడగట్టినవే మళ్ళీ వడగట్టుకునే విరూపాక్షి, చీమల బారు దాటని విరూపాక్షి, తన గడ్డంలో చిక్కుకున్న మిడతను రెండు వేళ్ళతో పట్టి తీశాడు. అది కాళ్ళు తన్నుకుంటోంది. ఒళ్ళు జలదరిస్తుంటే లేచి చెట్టు దగ్గరికి నడిచాడు. చెయ్యి చాపి దాని నోటికి దగ్గరగా పట్టాడు.

“తిను,” అన్నాడు. “తిను తల్లీ. పట్టుకో. నీకు దండం పెడతా, పట్టుకో!”

వేలికొసకు జిగటగా, వెచ్చగా ఏదో తగిలింది. మిడత లేదు. దవడల మధ్య కరకరమని చప్పుడు.

ఆ చప్పుడు విని విరూపాక్షి సంతోషంతో ఏడ్చాడు. ఒక ప్రాణి ఇంకో ప్రాణిని నములుతుంటే తను సంతోషంతో ఏడుస్తున్నాడని తెలిసి, ఆ తెలిసినదానికి నివ్వెరపోయి, ఏడుపు మధ్యలోనే ఆపేశాడు.

సామి చెంబులో చెయ్యి ముంచి ఆకుల మీద నీళ్ళు చిలకరించాడు. ఆకు చివర వేలాడుతున్న బొట్టును ఊసరవెల్లి తాగింది. ఇంకో బొట్టు. ఇంకోటి. పక్కనే గిన్నె నిండా వడగట్టిన నీళ్ళున్నాయి. ఇన్నాళ్ళుగా ఉన్నాయి.

జనం ఒక్కొక్కరే చెప్పులేసుకుని దిగిపోయారు. ఈసారి విరూపాక్షికి ఎవరూ దండం పెట్టలేదు. అతను చూడనూ లేదు.

అందరూ పోయాక విరూపాక్షి గురువు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“చచ్చిపోయి ఉండేది సామీ. మీకు తెలుసు. ముందే ఎందుకు చెప్పలేదు?”

“మద్దిలేటి చెప్పినాడు గదప్పా,” అన్నాడు ఓబుళయ్య సామి.

* * *

ఆ మర్నాటి నుంచి విరూపాక్షి కావిగుడ్డ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి గడ్డిలో మిడతల వెంట పరుగెత్తాడు. మొదట్లో ఒక్కటీ దొరికేది కాదు. బోర్లా పడేవాడు. మద్దిలేటి వంటశాల వెనక నుంచి చూసి చూసి, ఇక ఉండబట్టలేక వచ్చి కలిశాడు. పట్టిన ప్రతి మిడతకూ విరూపాక్షి పెదవులు కదిలేవి. క్షమించమని అడిగేవాడో ఏమో, బయటికి వినపడేది కాదు. విసనకర్రను సుంకులమ్మకు పొయ్యి విసురుకోవడానికి ఇచ్చేశాడు.

ఊసరవెల్లికి కొంచెం కొంచెంగా ఆకుపచ్చ తిరిగి వచ్చింది. కొమ్మ మారింది. ఒకరోజు చెట్టు చిటారుకు ఎక్కి కూర్చుంది.

దసరా రోజు పొద్దున విరూపాక్షి మేత తీసుకుని దగ్గరికి పోయాడు. అది అతన్ని చూసి ఒళ్ళంతా ఉబ్బించింది. మెడ మీద నల్లని మచ్చలు లేచాయి. నోరు ఇంత తెరిచి బుస్సుమని, చాచిన వేలిని కసుక్కున కరిచింది.

“అబ్బా!”

ఎప్పుడొచ్చాడో, వెనక నుంచి ఓబుళయ్య సామి పకపకా నవ్వాడు.

“కోపమొచ్చింది! ఇంక బతుకుతాది.”

విరూపాక్షి వేలు నోట్లో పెట్టుకుని తనూ నవ్వాడు.

“సరే, దసరా వచ్చె. అది బాగుండాది. నీ శిష్యుణ్ణి తీసుకో,” అన్నాడు సామి.

విరూపాక్షి వెనక్కి తిరిగాడు. మద్దిలేటి తలనిండా గడ్డిపరకలతో నిలబడి ఉన్నాడు, కళ్ళు మెరుస్తున్నాయి. వాణ్ణే పిలవబోయాడు. నోటిదాకా వచ్చింది వాడి పేరు.

అంతలో అతని చూపు చెట్టు కిందికి పోయింది.

అక్కడ చౌడప్ప కూర్చుని ఉన్నాడు. ఎప్పటిలాగే. ఎండ మొహం మీద పడుతోంది. అంత వెలుతురులో రెండు కళ్ళూ మూసుకుని, కదలకుండా, ఎంతో శాంతంగా. ఆ కళ్ళ కింద గుంటలు. పాలిపోయిన పసుపురంగు మొహం. చొక్కా లేని ఒంటి మీద పక్కటెముకలు.

మిడతల విస్తరి మూత తీసినప్పుడు కూడా విరూపాక్షి అంత అదిరిపోలేదు. మెల్లగా పోయి వాడి ముందు నేల మీద కూర్చున్నాడు.

“చౌడప్పా.”

“సామీ.”

“నీకేం తినాలనుంది నాయనా?”

“మీరేం పెడితే అదే సామీ.”

అప్పుడు ఆ మాటే ఎంత తియ్యగా ఉండేది! ఇప్పుడు వింటే విరూపాక్షికి భయం వేసింది.

“నేను పెట్టేది వద్దు. నువ్వు చెప్పు. మీ ఇంట్లో ఏం తినేవాడివి?”

చౌడప్ప కళ్ళు తెరిచాడు. తప్పు చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూశాడు.

“జొన్నరొట్టె సామీ,” అన్నాడు, వినపడీ వినపడనట్టు. “ఉల్లికారం. మా యమ్మ రోట్లో నూరేది.” అని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

విరూపాక్షి వాడి తల మీద చెయ్యి పెట్టి, “వీణ్ణి తీసుకుంటాను సామీ,” అన్నాడు. తర్వాత లేచాడు.

“మరి నేనో సామీ?” అన్నాడు మద్దిలేటి, పెద్దసామి వైపు తిరిగి. మొహం చిన్నబోయింది.

“నీకేం భయం రా? నువ్వు ఆకలైతే అరుస్తావు,” అన్నాడు ఓబుళయ్య సామి. “నాకు చెవుడొచ్చినా వినపడతాది. రా, నా దగ్గర ఉందువు.”

విరూపాక్షి ఆ మాటలు వినలేదు. అప్పటికే వాకిలి దాటి వంటశాల గడప దగ్గరికి చేరాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ తొక్కని గడప. లోపల సుంకులమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి తడుపుతోంది. తల ఎత్తి అతన్ని చూడగానే ఆమె చేతిలోని చెంబు జారి కిందపడింది.

విరూపాక్షి గడప లోపలికి కాలు పెట్టాడు.

“అమ్మా,” అన్నాడు, “ఉల్లిగడ్డలు ఎక్కడుంటాయి?”